నమూనా హెలికాప్టర్ ప్రమాదాలు, భద్రతా పాఠాలు

రేడియో నియంత్రిత నమూనా హెలికాప్టర్ అనగా నేలపై నిలబడిన వ్యక్తి తన చేతిలోని ట్రాన్స్‌మిటర్ ద్వారా రేడియో తరంగాలతో నడిపే చిన్న హెలికాప్టర్. ఇవి అరచేతిలో ఇమిడే ఆటబొమ్మల నుండి మీటరున్నర పైబడిన రోటర్ వ్యాసం గల యంత్రాల వరకు అనేక పరిమాణాలలో లభిస్తాయి. పేరులో "నమూనా" అని ఉన్నంత మాత్రాన పెద్ద తరగతికి చెందినవాటిని బొమ్మలుగా పరిగణించరాదు. వీటి వలన వేళ్ళు తెగిన సంఘటనలు, ముఖానికి గాయాలైన సంఘటనలు మాత్రమే కాక మరణాలు కూడా సంభవించాయి. ఈ ప్రమాదాలు ఎందువలన జరుగుతాయి, వాటి నుండి ఈ అభిరుచి గలవారు నేర్చుకున్న జాగ్రత్తలు ఏమిటి అనునవి ఈ వ్యాసంలో వివరించబడినవి.

యంత్ర స్వరూపం

నమూనా హెలికాప్టర్‌లో పైన ఒక ప్రధాన రోటర్, వెనుక ఒక తోక రోటర్ ఉంటాయి. ప్రధాన రోటర్ ఒక దిశలో తిరిగినపుడు ప్రతిచర్య వలన యంత్రపు దేహం వ్యతిరేక దిశలో తిరగబోతుంది. దానిని తోక రోటర్ నిలువరిస్తుంది. రోటర్ రెక్కల వాలు కోణాన్ని స్వాష్‌ప్లేట్ అనే పళ్ళెం వంటి భాగం మారుస్తుంది. ఆ పళ్ళెాన్ని సర్వో మోటార్లు కదిలిస్తాయి. తోక అటూ ఇటూ ఊగిపోకుండా గైరోస్కోపు కనిపెట్టి ఉంటుంది.

సాధారణ పాఠకులకు తెలియని విషయం ఒకటి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. పెద్ద నమూనాలలో యంత్రాన్ని పైకి లేపేందుకు రోటర్ వేగాన్ని పెంచరు, కిందికి దించేందుకు తగ్గించరు. వేగం ఇంచుమించు స్థిరంగానే ఉంటుంది. మారేది రెక్కల కోణం మాత్రమే. కోణాన్ని రుణాత్మకంగా కూడా మార్చవచ్చు గనుక ఇవి తలక్రిందులుగా సైతం ఎగురగలవు. కావున ఒక హెలికాప్టర్ నేలపై కదలక మెదలక కూర్చుని ఉన్నదంటే దాని రోటర్ నెమ్మదిగా తిరుగుతున్నదని అర్థం కాదు. అది పూర్తి వేగంతో తిరుగుతూ ఉండవచ్చు. చూసేవారు మోసపోయేది ఇక్కడే.

నాలుగు లేదా ఆరు చిన్న ప్రొపెల్లర్లతో ఎగిరే డ్రోన్లకు, వీటికి ఉన్న తేడా కూడా ఇదే. డ్రోన్‌లో శక్తి పలు చిన్న ప్రొపెల్లర్ల మధ్య పంచబడి ఉంటుంది. హెలికాప్టర్‌లో అదంతా ఒకే జత పొడవైన రెక్కలలో కేంద్రీకృతమై ఉంటుంది.

చరిత్ర

1970 ప్రాంతంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ నమ్మకంగా ఎగురగల రేడియో నియంత్రిత హెలికాప్టర్‌ను రూపొందించి ఈ రంగానికి బాట వేశాడు. ఆనాటి యంత్రాలకు కొయ్య రెక్కలు, మిథనాల్ మిశ్రమ ఇంధనంతో నడిచే గ్లో ఇంజన్, నిలకడ కోసం రోటర్‌కు అడ్డంగా అమర్చిన ఫ్లైబార్ ఉండేవి. 2000 దశకంలో బ్రష్‌లెస్ విద్యుత్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాయి. 2010 ప్రాంతం నుండి ఫ్లైబార్ స్థానాన్ని ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలు ఆక్రమించాయి. కొయ్యకు బదులు కార్బన్ ఫైబర్ రెక్కలు వాడుకలోకి వచ్చాయి.

ఈ మార్పుల వలన యంత్రాలు నడపడం సులువైంది గాని, ఒక రకంగా ప్రమాదం పెరిగింది. గ్లో ఇంజన్‌ను ప్రారంభించడం కొంత తతంగంతో కూడిన పని. ఇంధనం నింపాలి, ప్లగ్‌ను వేడి చేయాలి, స్టార్టర్‌తో తిప్పాలి. ఈలోగా పక్కనున్నవారు శబ్దం విని తొలగిపోయేవారు. విద్యుత్ హెలికాప్టర్‌లో బ్యాటరీ తీగ తగిలించిన మరుక్షణం నుండి మోటారు తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. ముందుగా హెచ్చరించే చప్పుడు ఏదీ ఉండదు.

రోటర్‌లోని శక్తి

ఈ యంత్రాలను సాధారణంగా పరిమాణాన్ని బట్టి 450, 500, 600, 700 తరగతులుగా పిలుస్తారు. 700 తరగతిలో ఒక్కొక్క రెక్క సుమారు 700 మిల్లీమీటర్ల పొడవు, రోటర్ మొత్తం వ్యాసం సుమారు 1.58 మీటర్లు, యంత్రం బరువు 5 కిలోల ప్రాంతంలో ఉంటాయి.

రోటర్ నిమిషానికి 2,000 సార్లు తిరుగుతున్నదనుకొంటే రెక్క కొన వేగం సెకనుకు 165 మీటర్లు, అనగా గంటకు దాదాపు 600 కిలోమీటర్లు. పోలిక కోసం ఇంట్లోని సీలింగ్ ఫ్యాన్‌ను చూడవచ్చు. 1,200 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 350 సార్లు తిరిగితే దాని రెక్క కొన వేగం గంటకు 80 కిలోమీటర్లకు మించదు. ఫ్యాన్‌లో చేయి పెట్టడానికే జంకుతాము. వేగం ఏడు రెట్లు పెరిగితే అదే బరువుకు గతిశక్తి దాదాపు యాభై రెట్లు పెరుగుతుంది, ఎందుకనగా గతిశక్తి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

రెక్క 200 గ్రాముల బరువు కలిగి, దాని గరిమనాభి ఇరుసుకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకొంటే, పై వేగం వద్ద దానిని పట్టి ఉంచిన బోల్టుపై పడే అపకేంద్ర బలం సుమారు 4,000 న్యూటన్లు. అనగా ఆ చిన్న బోల్టుకు 400 కిలోల బరువు వేలాడదీసినట్లు లెక్క. రెండు రెక్కలలో నిల్వ ఉన్న గతిశక్తి సుమారు 2,000 జౌళ్ళు. 5 కిలోల వస్తువును 40 మీటర్ల ఎత్తు నుండి, అనగా పన్నెండు అంతస్తుల మేడ పైనుండి వదిలితే నేలను తాకే సమయానికి దానికి ఉండే శక్తి ఇంతే.

చిన్న తరగతులవి నిరపాయమైనవని అనుకోరాదు. కిలో కన్నా తక్కువ బరువుండే 450 తరగతి యంత్రం రోటర్ నిమిషానికి 2,800 సార్లు తిరిగితే రెక్క కొన వేగం గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. వేలిని తెంచడానికి, కంటిని పోగొట్టడానికి అది చాలు. తోక రోటర్ ప్రధాన రోటర్ కన్నా నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది. ఆ వేగంలో అది కంటికి ఆనదు. అందువలననే దానికి చేయి తగిలించుకొనేవారు ఎక్కువ.

2013 నాటి మరణాలు

ఈ అభిరుచి ఎంత ప్రాణాంతకం కాగలదో లోకానికి తెలిపిన సంఘటన 2013 సెప్టెంబరు 5న అమెరికాలోని న్యూయార్క్ నగరం బ్రూక్లిన్ ప్రాంతంలో గల కాల్వర్ట్ వాక్స్ పార్కులో జరిగింది. 19 సంవత్సరాల యువకుడు తన 700 తరగతి హెలికాప్టర్‌ను ఎగురవేస్తుండగా అదే అతని తలకు తగిలి అక్కడికక్కడే మరణించాడు. ఆ సమయంలో అతని తండ్రి అక్కడే ఉన్నాడు. అదే సంవత్సరం జూలైలో స్విట్జర్లాండ్‌లో 41 సంవత్సరాల వ్యక్తి కూడా తన నమూనా హెలికాప్టర్ వలననే ప్రాణాలు కోల్పోయాడు.

బ్రూక్లిన్ సంఘటనలో గమనింపదగినవి రెండున్నవి. ఆ యువకుడు కొత్తగా నేర్చుకొంటున్నవాడు కాదు, విన్యాసాలలో ఆరితేరినవాడు. పైగా ఆ పార్కు నమూనా విమానాలు ఎగురవేయడానికి నగరం అనుమతించిన స్థలం. అనుభవం గాని, అనుమతి గల మైదానం గాని రోటర్‌కు, మనిషికి మధ్య ఉండవలసిన దూరానికి ప్రత్యామ్నాయం కాలేవు. నిజానికి అనుభవం పెరిగినకొద్దీ యంత్రాన్ని తన దగ్గరగా, నేలకు తక్కువ ఎత్తులో తిప్పాలనే ఉబలాటం కూడా పెరుగుతుంది.

దూరం విషయంలో చిన్న లెక్క ఉపయోగపడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తున్న హెలికాప్టర్ 10 మీటర్ల దూరాన్ని అర సెకనులో దాటుతుంది. మనిషి కంటితో చూసి, గ్రహించి, వేలు కదిలించడానికే పావు సెకను వరకు పడుతుంది. మిగిలిన పావు సెకనులో యంత్రాన్ని మళ్ళించడం గాని, తాను తప్పుకోవడం గాని జరిగే పని కాదు. అమెరికాలోని అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ వారి నియమావళిలో నడిపేవారికి, వారి సహాయకులకు తప్ప ఇతరులకు కనీసం 25 అడుగుల దూరం పాటించాలని చెప్పబడినది. ఇది కనీస దూరమే గాని చాలినంత దూరం కాదు. పెద్ద యంత్రాలతో విన్యాసాలు చేసేవారు అంతకు రెండు మూడు రెట్లు పాటించడం మంచిది. యంత్రం ఎప్పుడూ నడిపేవారికి ఎదురుగా, ప్రేక్షకులకు దూరంగా పోయే దారిలో ఉండాలి. తల మీదుగా, వెనుకకు తీసుకొనిపోరాదు.

నేలపై జరిగే ప్రమాదాలు

హెలికాప్టర్ ప్రమాదం అనగానే ఆకాశం నుండి కూలడమే గుర్తుకు వస్తుంది. అయితే యంత్రం దూరంగా ఎక్కడో కూలితే నష్టపోయేది సాధారణంగా యంత్రమే. మనిషి చేయి రెక్కకు అందుబాటులో ఉండేది బల్లపై సరిచేసే వేళ, బ్యాటరీ తగిలించే వేళ, ఎగిరే ముందు, దిగిన వెంటనే. అందుచేత జాగ్రత్తలలో అధిక భాగం ఈ వేళలకు సంబంధించినవే.

బల్లపై సర్వోలను, గైరోస్కోపును సరిచేయడానికి రేడియోకు విద్యుత్తు కావాలి. విద్యుత్తు ఉన్నంతసేపూ మోటారు తిరిగే అవకాశం ఉంటుంది. స్టిక్‌కు మోచేయి తగిలినా, ట్రాన్స్‌మిటర్‌లో వేరే యంత్రానికి చెందిన అమరిక ఎంచుకొన్నా చాలు, గదిలోనే రోటర్ తిరగనారంభిస్తుంది. దీనికి నిశ్చయమైన నివారణ మోటారు తీగలను విడదీయడం, లేదా మోటారు పళ్ళచక్రం ప్రధాన చక్రానికి తగలకుండా జరిపి ఉంచడం. ప్రధాన రెక్కలు, తోక రెక్కలు కూడా విప్పివేయాలి. ఈ పనికి ఐదు నిమిషాలు పడుతుంది గనుక చాలామంది "ఒక్కసారికే కదా" అని మానివేస్తారు.

మైదానంలో ట్రాన్స్‌మిటర్‌ను ముందుగా వెలిగించి, ఆ తరువాతనే హెలికాప్టర్‌కు బ్యాటరీ తగిలించాలి. ఆపేటప్పుడు ఇందుకు విరుద్ధంగా, బ్యాటరీని ముందు తీసి, ట్రాన్స్‌మిటర్‌ను చివర ఆపాలి. ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ హోల్డ్ అనే స్విచ్ ఉంటుంది. అది వేసి ఉన్నంతవరకు స్టిక్ ఎటు కదిలినా మోటారు తిరగదు. ఈ స్విచ్ వేసిన తరువాతనే బ్యాటరీ తగిలించడం, యంత్రాన్ని ఎత్తి తీసుకొనిపోవడం, దిగిన తరువాత దగ్గరకు వెళ్ళడం చేయాలి. స్టిక్‌ను పూర్తిగా కిందికి లాగితే చాలునని కొందరు భావిస్తారు. విన్యాసాల కొరకు ఉద్దేశించిన ఐడిల్ అప్ అమరికలో ఉన్నపుడు స్టిక్ కిందికి లాగితే మోటారు ఆగదు. రెక్కల కోణం రుణాత్మకమై యంత్రం నేలను గట్టిగా కొట్టుకొంటుంది, రోటర్ మాత్రం పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. పాత ఆటబొమ్మ హెలికాప్టర్లకు అలవాటుపడినవారు పెద్దవాటికి మారినపుడు ఈ తేడా తెలియక గాయపడతారు. ఎగురుతున్న బొమ్మను చేత్తో పట్టుకొనే అలవాటు కూడా అటువంటిదే.

గ్లో ఇంజన్ యంత్రాలలో అపకేంద్ర క్లచ్ ఉంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగినంతవరకు రోటర్ కదలదు. థ్రాటిల్ తెరిచి ఉండగా ఇంజన్ అంటుకొంటే క్లచ్ వెంటనే పట్టుకొంటుంది. కనుక ప్రారంభించేవారు రోటర్ తలను ఒక చేత్తో గట్టిగా పట్టుకొని, థ్రాటిల్ కనిష్ఠ స్థానంలో ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి. రోటర్ తలను పట్టుకొనే యంత్రాన్ని ఎగిరే చోటుకు మోసుకొనిపోయేటప్పుడు ట్రాన్స్‌మిటర్‌ను మెడ పట్టీకి వేలాడదీయడం వలన స్టిక్ చొక్కాకు తగిలి కదిలే ప్రమాదం ఉన్నది. దానిని మరొకరి చేతికి ఇవ్వడం మేలు.

రెండు రెక్కలు ఒకే తలంలో తిరుగుతున్నాయా లేదా చూడటం కూడా ప్రమాదకరమైన పనే. ఇందుకు యంత్రాన్ని కంటి ఎత్తులో నిలిపి, రెక్కల కొనలను పక్క నుండి చూస్తారు. చూసేవాని ముఖం సరిగ్గా రోటర్ తలంలోనే ఉంటుంది. రెక్క గాని, దాని ముక్క గాని ఊడితే ఎగిరివచ్చేది ఆ తలంలోనే. ఈ పరీక్షను దూరం నుండి చేయాలి, సహాయకులను దగ్గరకు పంపరాదు.

గాలిలో జరిగే ప్రమాదాలు

గాలిలో వైఫల్యాలకు మూలం తరచుగా చాలా చిన్న భాగం. సర్వోను స్వాష్‌ప్లేట్‌తో కలిపే ప్లాస్టిక్ కీలు ఒకటి అరిగి ఊడిపోతే రెక్కల నియంత్రణ మొత్తం పోతుంది. లోహపు భాగంలోకి బిగించిన మరకు తాళపు జిగురు వేయకపోతే ప్రకంపనలకు అది వదులవుతుంది. తోకను నడిపే బెల్టు జారితే యంత్రం గిరగిర తిరుగుతుంది. ఒకసారి కూలిన యంత్రంలో రెక్కలను కలిపే ఇరుసు కొద్దిగా వంగి ఉన్నా కంటికి కనపడదు. దానిని గాజు పలకపై దొర్లించి చూడాలి, లేదా మార్చివేయాలి. కార్బన్ రెక్కపై వెంట్రుకవాసి చీలిక కనిపించినా దానిని మళ్ళీ వాడరాదు. 400 కిలోల లాగుడును అతికించిన రెక్క భరించగలదని నమ్మడం సాహసమే.

గైరోస్కోపు దిశ తప్పుగా అమర్చబడి ఉంటే అది తోకను సరిదిద్దడానికి బదులు మరింత తిప్పుతుంది. ఫ్లైబార్ లేని యంత్రాలలో స్వాష్‌ప్లేట్ దిశ తప్పితే రోటర్ వేగం అందుకోగానే యంత్రం పక్కకు ఒరిగి రెక్కలు నేలను కొడతాయి. రెక్కలు తిరగక ముందు యంత్రాన్ని చేత్తో అటూ ఇటూ వంచి, పళ్ళెం వ్యతిరేక దిశలో కదులుతున్నదా అని చూస్తే ఇది తెలిసిపోతుంది.

మానవ లోపాలలో ముఖ్యమైనది దిశాభ్రమ. హెలికాప్టర్ ముక్కు నడిపేవారి వైపు తిరిగినపుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడికి పంపదలచి స్టిక్ కుడికి నెడితే అది నడిపేవారి ఎడమవైపు పోతుంది. కంగారులో మరింత నెడతారు. కంప్యూటర్ సిమ్యులేటర్‌పై ఈ స్థితిని వందలసార్లు సాధన చేసిన తరువాతనే మైదానానికి పోవాలి.

అదుపు తప్పినపుడు చేయవలసినది ఒక్కటే. థ్రాటిల్ హోల్డ్ వేసి యంత్రాన్ని పడనివ్వాలి. నేలను తాకే సమయానికి మోటారు ఆగి ఉంటే రెక్కలు ఒక దెబ్బతో విరిగి ఆగిపోతాయి. ఆగకపోతే పడిన చోటనే దొర్లుతూ, ముక్కలు విసురుతూ ఉంటుంది. కష్టార్జితంతో కొన్న యంత్రాన్ని చివరి క్షణం వరకు కాపాడుకోవాలనే ఆశ సహజమైనదే గాని, ఆ ఆశ వలననే యంత్రం మనుషుల వైపు వచ్చేంతవరకు స్విచ్ వేయనివారు ఉన్నారు. ఇంజన్ ఆగిన తరువాత రోటర్‌లోని నిల్వ శక్తితో మెల్లగా దిగడాన్ని ఆటోరొటేషన్ అంటారు. అది నేర్చినవారికి ఈ స్విచ్ వేయడానికి చేయి వెనుకాడదు.

రేడియో సంకేతం తెగిపోవడం

పూర్వం అమెరికాలో 72 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 35 మెగాహెర్ట్జ్ ప్రాంతపు ఛానెళ్ళు వాడేవారు. ఒకే ఛానెల్‌పై ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు వెలిగిస్తే గాలిలో ఉన్న యంత్రం కూలేది. అందుకే క్లబ్బులలో ఛానెల్‌కు ఒకటి చొప్పున బిళ్ళలు బోర్డుకు తగిలించి, బిళ్ళ చేతిలో ఉన్నవారే ట్రాన్స్‌మిటర్ వెలిగించాలనే పద్ధతి ఉండేది. 2000 దశకపు మధ్యకాలం నుండి వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలలో ఈ సమస్య చాలావరకు తీరింది. అయితే కార్బన్ ఫైబర్ చట్రం ఈ తరంగాలను అడ్డగిస్తుంది గనుక రిసీవర్ యాంటెనాలను చట్రం వెలుపల, వేర్వేరు దిశలలో అమర్చాలి.

సంకేతం తెగినపుడు రిసీవర్ ఏమి చేయాలో ముందే నిర్ణయించే సదుపాయాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. మోటారు ఆగిపోయేటట్లు దీనిని అమర్చాలి. కొన్ని రిసీవర్లు ట్రాన్స్‌మిటర్‌తో జత కలిపే సమయంలో స్టిక్ ఉన్న స్థానాన్నే ఫెయిల్‌సేఫ్‌గా గుర్తుంచుకొంటాయి. ఆ సమయంలో స్టిక్ పైకి ఉంటే, సంకేతం పోయినపుడు మోటారు ఆగదు సరికదా వేగమందుకొంటుంది. రెక్కలు విప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూస్తే అమరిక సరిగా ఉన్నదీ లేనిదీ తేలుతుంది.

బ్యాటరీ

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కొక్క ఘటం సాధారణ విద్యుత్ పీడనం 3.7 వోల్టులు, పూర్తిగా నింపినపుడు 4.2 వోల్టులు. 700 తరగతిలో సాధారణంగా 12 ఘటాలు వాడతారు. కూలిన దెబ్బకు నొక్కుపడిన బ్యాటరీ వెంటనే కాక కొంతసేపటి తరువాత మండవచ్చు. కనుక దానిని కారులో పెట్టుకొనిపోక, ఆరుబయట ఎండుగడ్డి లేని చోట చాలాసేపు ఉంచి గమనించాలి. ఉబ్బిన బ్యాటరీకి మళ్ళీ ఛార్జింగ్ పెట్టరాదు. మంచి బ్యాటరీకైనా మనిషి దగ్గర లేకుండా, రాత్రి నిద్రవేళ ఛార్జింగ్ పెట్టడం తగదు.

భారతదేశంలో నిబంధనలు

భారత ప్రభుత్వ డ్రోన్ నిబంధనలు, 2021 నమూనా హెలికాప్టర్లకు కూడా వర్తిస్తాయి. విద్య, పరిశోధన, వినోదం వంటి అవసరాలకు కంటికి కనిపించే పరిధిలో నడిపే 25 కిలోల లోపు యంత్రాలను ఈ నిబంధనలు నమూనా తరగతిగా నిర్వచించాయి. గగనతలం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించబడి, ఆ పటం డిజిటల్ స్కై వేదికలో లభిస్తుంది. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయాల పరిసరాలు పసుపు లేదా ఎరుపు మండలాలలో ఉంటాయి. ఎగురవేసే ముందు ప్రతిసారీ పటం చూడవలసి ఉంటుంది.

గాయమైనపుడు

ఒంటరిగా ఎగురవేయరాదని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే. రెక్క దెబ్బ వలన రక్తస్రావం వేగంగా జరుగుతుంది. సహాయకుడు ముందుగా బ్యాటరీ విడదీయబడినదని, రోటర్ ఆగినదని చూసుకొని దగ్గరకు వెళ్ళాలి. శుభ్రమైన గుడ్డతో గాయంపై గట్టిగా, వదలకుండా నొక్కి ఉంచి, గాయమైన చేతిని పైకి ఎత్తి పట్టాలి. వేలు తెగిపడితే దానిని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని మంచుగడ్డల మధ్య పెట్టాలి. తెగిన భాగానికి మంచు నేరుగా తగలరాదు. కంటికి దెబ్బ తగిలితే నొక్కరాదు, కడగరాదు, గుచ్చుకొన్న ముక్కను లాగరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 108కి, దేశంలో ఎక్కడైనా 112కి ఫోను చేయవచ్చు. మైదానాలు చాలావరకు ఊరి వెలుపల ఉంటాయి గనుక అక్కడికి దారి ఎట్లు చెప్పాలో, దగ్గరలోని ఆసుపత్రి ఏదో ఎగురవేయక ముందే తెలుసుకొని ఉండాలి.